రోల్స్ రాయిస్‌కి ఆ పేరు కారు వల్ల వచ్చిందా, ప్రచారం వల్ల వచ్చిందా?

సందేహాల_స్వామి

అందరికీ నమస్కారం. మొన్న ఒక వీడియో కింద కామెంట్లు చదువుతుంటే ఇద్దరు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఒకాయన "రోల్స్ రాయిస్ అంటే బీఎండబ్ల్యూకి తొడిగిన ఇంగ్లీషు కోటు, అంతే" అంటాడు. రెండో ఆయన "1904 నుంచి ఉన్న చరిత్ర, నోరు అదుపులో పెట్టుకో" అంటాడు. నాకేమో ఇద్దరి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉన్నట్టే అనిపించింది. అసలు "ప్రపంచంలోనే ఉత్తమ కారు" అన్న బిరుదు వీళ్లకి ఎవరిచ్చారు? ఇచ్చిన రోజున ఆ అర్హత ఉందా? ఇప్పుడు తయారవుతున్నది ఆ కంపెనీ కార్లేనా? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి. ఏ హీరో గ్యారేజీలో ఎన్ని ఉన్నాయనే లెక్కలు మాత్రం వద్దు బాబూ.

గేర్‌బాక్స్_గోపి

స్వామి గారూ, మనుషుల దగ్గర మొదలుపెడదాం. హెన్రీ రాయిస్ 1863లో పుట్టాడు. తండ్రి మర వ్యాపారం దెబ్బతింది, ఆయన తొందరగానే పోయాడు. ఈ పిల్లవాడు పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. తర్వాత పీటర్‌బరో రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరితే, డబ్బు కట్టే మేనత్త దగ్గర సొమ్ము అయిపోయి అదీ మధ్యలోనే ఆగింది. 1884లో మాంచెస్టర్‌లో సొంతంగా కరెంటు సామాన్ల పని మొదలుపెట్టి డైనమోలు, క్రేన్లు చేశాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక డెకోవిల్ అనే ఫ్రెంచి కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అది చెడ్డ కారేమీ కాదు. కానీ ఈయన కంటికి ప్రతి ముక్కలోనూ లోపమే కనిపించింది. దాన్ని విప్పి చూసి, 1904లో తనే మూడు కార్లు కట్టాడు. రెండు సిలిండర్లు, పది హార్స్‌పవర్.

చార్లెస్ రోల్స్ పూర్తిగా వేరే లోకం మనిషి. లార్డుగారి కొడుకు, కేంబ్రిడ్జిలో చదివాడు, లండన్‌లో విదేశీ కార్లు అమ్మేవాడు. అమ్ముకోవడానికి ఒక్క మంచి ఇంగ్లీషు కారైనా లేదే అన్నది ఆయన బాధ. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్లో ఇద్దరూ కలిశారు. రాయిస్ చేసే కార్లన్నీ రోల్స్ అమ్మాలని ఒప్పందం. 1906లో కంపెనీ పెట్టారు. 1910 జూలైలో బోర్న్‌మత్‌లో విమానం కూలి రోల్స్ చనిపోయాడు, అప్పటికి 32 ఏళ్లు. అంటే పేరులో ముందున్న మనిషి ఆ వ్యాపారంలో ఉన్నది పట్టుమని ఆరేళ్లే. కారు తయారు చేసినవాడి పేరు వెనక, అమ్మినవాడి పేరు ముందు. అక్కడే మీ ప్రశ్నకి సగం జవాబు ఉందేమో చూడండి.

లలిత_మెకానికల్

గోపి గారూ, మూడో మనిషిని వదిలేశారు. క్లాడ్ జాన్సన్. రోల్స్ షోరూమ్‌లో భాగస్వామి, తర్వాత కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్. అంతకుముందు బ్రిటన్ ఆటోమొబైల్ క్లబ్బుకి మొట్టమొదటి సెక్రటరీగా ఉండి 1900లో వెయ్యి మైళ్ల ట్రయల్ నడిపించినవాడు. కారుని జనం ముందు ఎలా నిలబెట్టాలో ఆయనకి తెలిసినంతగా ఆ రోజుల్లో ఇంకెవరికీ తెలియదని నా అభిప్రాయం.

1907లో జాన్సన్ 40/50 మోడల్లో పన్నెండో చాసిస్‌ని తీసుకుని అల్యూమినియం రంగు వేయించి, పైసామానుకి వెండి పూత పెట్టించి, "సిల్వర్ ఘోస్ట్" అని పేరు తగిలించాడు. తర్వాత దాన్ని షోరూమ్‌లో పెట్టకుండా రోడ్డెక్కించాడు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులు పక్కనుండగా లండన్, గ్లాస్గోల మధ్య అటూ ఇటూ తిప్పుతూ మొత్తం 14,371 మైళ్లు, అంటే 23 వేల కిలోమీటర్ల పైచిలుకు. దారిలో కుదుపుకి ఒకసారి పెట్రోలు ట్యాప్ దానంతటది మూసుకుపోయి ఆగింది. కారు తనంతట తాను ఆగింది ఆ ఒక్కసారే. అయ్యాక ఇంజిన్ మొత్తం విప్పించి అరుగుదల కొలిపించారు. కొత్త కారులా చెయ్యడానికి మార్చాల్సిన భాగాల ఖర్చు రెండు పౌండ్ల చిల్లర తేలింది.

ఇప్పుడు ఇది పెద్ద విశేషంలా అనిపించకపోవచ్చు. అప్పట్లో కారు బయటికి తీస్తే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు. టైరు పోవడం, నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో మొరాయించడం, ఆరు సిలిండర్ల ఇంజిన్ అయితే పిస్టన్ల ఊపుని తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ విరగడం మామూలే. రాయిస్ అంతకుముందు చేసిన ఆరు సిలిండర్ల బండికీ ఈ క్రాంక్ బాధ తప్పలేదు. 40/50లో ఆయన మూడేసి సిలిండర్లని రెండు దిమ్మలుగా పోసి, కింద ఏడు బేరింగుల మీద లావుపాటి క్రాంక్ కూర్చోబెట్టి, ఒత్తిడితో ఆయిల్ అందే ఏర్పాటు చేశాడు. వణుకు పోయింది. బానెట్ మీద నాణెం నిలువుగా నిలబెట్టి చూపించడాలన్నీ ఆ తర్వాతి సంబరాలు.

అంతా_ఉత్తిదే

లలిత గారూ, మీరు చెప్పింది చదివాక నా అనుమానం ఇంకా గట్టిపడింది. పరీక్ష పెట్టింది వాళ్లు, పేరు పెట్టింది వాళ్లు, రంగు వేసింది వాళ్లు. పత్రికవాళ్లు ఎక్కి "ఉత్తమ కారు" అని రాస్తే, కంపెనీ ఆ ముక్కని పట్టుకుని వందేళ్లకి పైగా తింటోంది.

సొంతంగా కనిపెట్టింది ఏమిటో ఒక్కటి చెప్పండి. ఆరు సిలిండర్ల కార్లు వీళ్లకంటే ముందు నేపియర్ అమ్మింది. నాలుగు చక్రాలకీ సర్వో బ్రేకులు, అంటే తొక్కుడు బలాన్ని పెంచేవి, 1919లోనే హిస్పానో సూయిజా ఇచ్చింది. రోల్స్ రాయిస్ ముందు చక్రాలకి బ్రేకులు పెట్టింది 1924లో, అదీ హిస్పానో పద్ధతి సర్వోకి లైసెన్సు తీసుకుని. 1950లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జనరల్ మోటార్స్ దగ్గర్నుంచి. 1965 సిల్వర్ షాడోలో ఎత్తు సరిచేసే హైడ్రాలిక్స్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే ఏర్పాటు) సిట్రోయెన్ లైసెన్సుతో. హార్స్‌పవర్ ఎంతయ్యా అని అడిగితే "చాలినంత" అనేవారు. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, పోటీ కార్ల పక్కన పెట్టి చూడనివ్వకపోవడానికి అంతకంటే మంచి ఉపాయం ఉందా?

లలిత_మెకానికల్

మీరు చెప్పిన వివరాలు సరైనవే. కానీ అవి వాళ్ల లోపం అనుకోవడం దగ్గర నేను విభేదిస్తాను. రాయిస్ ఎప్పుడూ కొత్తది కనిపెట్టే మనిషి కాదు. డెకోవిల్ దగ్గర్నుంచీ ఆయన పద్ధతి ఒకటే. పక్కవాడు చేసింది తీసుకో, విప్పు, ఎక్కడ అరుగుతుందో ఎక్కడ చప్పుడొస్తుందో చూడు, అక్కడ బాగుచెయ్యి. కంపెనీకి ఆ అలవాటే దిగింది. సిట్రోయెన్ ఆ హైడ్రాలిక్స్‌తో తన కారుకి పూర్తి సస్పెన్షనే కట్టింది. వీళ్లు స్టీలు స్ప్రింగులు అలాగే ఉంచి, జనం ఎక్కినా సామాను వేసినా కారు వంగకుండా ఎత్తు సరిచెయ్యడానికీ, బ్రేకులకీ మాత్రమే వాడుకున్నారు. ఎంతవరకు కావాలో అంతవరకే.

పరీక్ష వాళ్లదే అంటున్నారు కాబట్టి 1912 సంగతి చూడండి. ఆస్ట్రియాలో ఆల్పైన్ ట్రయల్, అంటే కొండదారుల్లో కార్లకి పెట్టే పరీక్ష. అది వాళ్లు పెట్టింది కాదు. జేమ్స్ రాడ్లీ అనే ఆయన తన సొంత సిల్వర్ ఘోస్ట్ తీసుకెళ్తే కాట్ష్‌బెర్గ్ కనుమ ఎక్కలేక ఆగిపోయింది, లోపలివాళ్లు దిగాల్సి వచ్చింది. మూడు గేర్లే ఉండటం వల్ల ఆ ఎత్తుకి సరిపోయే గేరు లేదు. ఉత్తమ కారు అని ఊరంతా చాటుకున్నవాళ్లకి ఎంత తలవంపులు! కంపెనీ ఏం చేసిందంటే, నాలుగు గేర్ల పెట్టె పెట్టి, చాసిస్ గట్టిపరిచి, 1913లో జట్టుని పంపి అదే కొండల మీద అందర్నీ దాటించింది. వాళ్ల చరిత్ర మొత్తంలో నాకు నచ్చేది ఇదొక్కటే అన్నా ఫర్వాలేదు. నోటిమాటతో పోయే పరువు కాదని తెలిసి గేర్‌బాక్స్ మార్చారు.

రాజుగారి_గ్యారేజీ

ఇంత చరిత్ర మాట్లాడుకుంటూ మన రాజుగారి కథ ఎవరూ ఎత్తలేదేంటి? లండన్ షోరూమ్‌లో మామూలు బట్టల్లో వెళ్లిన మహారాజుని సేల్స్‌మన్ గెంటేస్తే, ఆయన కార్లన్నీ కొని మున్సిపాలిటీకి ఇచ్చి చెత్త ఎత్తించాడు కదా. కంపెనీ టెలిగ్రాం కొట్టి క్షమాపణ అడిగింది. గూస్‌బంప్స్ వస్తాయి ఎన్నిసార్లు చదివినా.

పాత_ఫైళ్లు

అన్నా, ఆ కథ నేనూ చాలాసార్లు చదివాను. ఒకచోట ఆళ్వార్ రాజు, ఇంకోచోట భరత్‌పూర్, మరోచోట పటియాలా, మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి హైదరాబాద్ నిజాం. కథ అదే, రాజు మారతాడు. తారీకు ఉండదు, టెలిగ్రాం ప్రతి ఉండదు. పైగా అప్పట్లో రోల్స్ రాయిస్ అమ్మింది చాసిస్ మాత్రమే. ఇంజిన్, చక్రాలు, రేడియేటర్ ఇచ్చేవారు. పైన బాడీ బార్కర్, హూపర్ లాంటి కోచ్‌బిల్డర్ల దగ్గర కొనేవాళ్లే తమ ఇష్టప్రకారం కట్టించుకోవాలి, దానికి నెలలు పట్టేది. షోరూమ్‌లో వరసగా పెట్టినవన్నీ వేలు చూపించి కొనెయ్యడం సినిమాల్లో బాగుంటుంది.

నిజంగా జరిగింది కావాలంటే నిజాం సింహాసనం కారు ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డరు పెట్టాడు. పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్, బార్కర్ బాడీ, వెనకసీటు మిగతా సీట్లకంటే ఎత్తుగా సింహాసనంలా. కారు రాకముందే 1911 ఆగస్టులో ఆయన పోయాడు. అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. ఉత్సవాలకి తప్ప బయటికి తీసింది తక్కువ. చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ చూడొచ్చు. ఆ కారు చూశాక ఇక చెత్తబండి కథ అక్కర్లేదు నాకు.

రాజుగారి_గ్యారేజీ

అయినా సరే, అవమానానికి అవమానం అన్నది బాగుంటుంది కదా బ్రో 😀

అంతా_ఉత్తిదే

ఆ కథ వల్ల లాభం ఎవరికో ఆలోచించండి. చెత్త ఎత్తడానికి రోల్స్ రాయిస్ వాడటం ఘోరం అనిపించాలంటే, రోల్స్ రాయిస్ అంటే ముందే దేవుడి విగ్రహంలా చూడాలి. తిట్టే కథ కూడా వాళ్ల ప్రచారమే చేస్తోంది.

నిర్వాహకుడు

రాజుల చర్చ ఇక్కడితో చాలు. దానికి వేరే చర్చ తెరుచుకోండి. స్వామి గారి మూడో ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

గగనతలం

మూడో ప్రశ్నకి జవాబు చెప్పాలంటే విమానాల వైపు వెళ్లక తప్పదు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్, లాంకాస్టర్ల ముక్కుల్లో, రెక్కల్లో తిరిగింది వీళ్ల మెర్లిన్ ఇంజినే. యుద్ధం అయ్యాక కంపెనీకి అసలు వ్యాపారం విమాన ఇంజిన్లు, కార్లు పక్కవాటా. డెర్బీలో విమాన ఇంజిన్లు, కార్లేమో 1946 నుంచి క్రూ ఊళ్లో.

1968లో లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానానికి ఆర్‌బీ211 అనే కొత్త ఇంజిన్ ఇస్తామని స్థిరమైన ధరకి ఒప్పుకున్నారు. ముందుండే పెద్ద ఫ్యాన్ రెక్కలు కార్బన్ ఫైబర్‌తో చేసి బరువు తగ్గిద్దామనుకున్నారు. పక్షి తగిలినట్టు పరీక్ష పెడితే రెక్కలు ముక్కలయ్యాయి. టైటానియంకి మారాల్సొచ్చింది. ఖర్చు పెరుగుతూ పోయింది, ఒప్పందంలో ధర మాత్రం కదలలేదు. 1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా ప్రకటించింది. బ్రిటన్‌లో జనానికి అది నమ్మశక్యం కాని వార్త. ఎడ్వర్డ్ హీత్ ప్రభుత్వం ఇంజిన్ల కంపెనీని జాతీయం చేసింది. విచిత్రం ఏమిటంటే అంతమందిని ముంచిన ఆ ఆర్‌బీ211 తర్వాత చాలా గొప్ప ఇంజిన్ అయింది. ఇప్పటి ట్రెంట్ ఇంజిన్లు దాని సంతానమే.

కార్ల విభాగాన్ని విడదీసి 1973లో షేర్ మార్కెట్లో పెట్టారు. 1980లో వికర్స్ అనే బ్రిటిష్ కంపెనీ కొన్నది. "రోల్స్ రాయిస్" అన్న పేరు మీద హక్కు మాత్రం ఇంజిన్ల కంపెనీ దగ్గరే ఉండిపోయింది. కార్లవాళ్లకి అది వాడుకునే అనుమతి ఒక్కటే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పాత_ఫైళ్లు

ఆ ముక్కే 1998లో పేలింది. వికర్స్ కార్ల కంపెనీని అమ్మకానికి పెట్టింది. బీఎండబ్ల్యూ 34 కోట్ల పౌండ్లు ఇస్తానంటే, ఫోక్స్‌వాగన్ 43 కోట్లు ఇచ్చి ఎగరేసుకుపోయింది. క్రూ ఫ్యాక్టరీ, అక్కడే తయారయ్యే బెంట్లీ కార్లు, బానెట్ మీది స్పిరిట్ ఆఫ్ ఎక్స్టసీ బొమ్మ, గ్రిల్ ఆకారం అన్నీ వాళ్లకే. పేరు తప్ప. పేరు ఇంజిన్ల కంపెనీది కదా. ఆ కంపెనీకి అప్పటికే బీఎండబ్ల్యూతో కలిసి విమాన ఇంజిన్ల వ్యాపారం ఉంది. అందుకని పేరు, రెండు ఆర్‌ల గుర్తు 4 కోట్ల పౌండ్లకి బీఎండబ్ల్యూకి రాసిచ్చింది.

ఒకరి దగ్గర ఫ్యాక్టరీ, బొమ్మ. ఇంకొకరి దగ్గర పేరు. పైగా క్రూలో అప్పుడే మొదలైన సిల్వర్ సెరాఫ్ కారుకి ఇంజిన్ ఇచ్చేది కూడా బీఎండబ్ల్యూయే. చివరికి రాజీకొచ్చారు. 2002 చివరిదాకా ఫోక్స్‌వాగన్ క్రూలో రోల్స్ రాయిస్‌లు చేసుకోవచ్చు, 2003 జనవరి 1 నుంచి పేరు, బొమ్మ, గ్రిల్ అన్నీ బీఎండబ్ల్యూవి. ఫోక్స్‌వాగన్ అధిపతి పీయెక్ తర్వాత మాకు కావాల్సింది మొదట్నుంచీ బెంట్లీయే అని చెప్పుకొచ్చారు. నమ్మడం మీ ఇష్టం.

అంతా_ఉత్తిదే

అంటే స్వామి గారు చెప్పిన కోటు మాట నిజమేగా! ఫ్యాక్టరీ లేదు, అందులోని పనివాళ్లు లేరు, డిజైన్లు లేవు. 4 కోట్లకి రెండక్షరాలు కొన్నారు.

లలిత_మెకానికల్

కాగితాల లెక్కన మీ మాటే నిజం. ఇంజిన్ లెక్కన చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. రోల్స్ రాయిస్ 1959లో ఒక వీ8 తెచ్చింది, 1970 నుంచి అది 6.75 లీటర్లు. ఆ ఇంజిన్ క్రూలోనే ఉండి బెంట్లీకి దక్కింది. 1999లో బెంట్లీ ఆర్నాజ్ కారులో బీఎండబ్ల్యూ ఇంజిన్ బదులు ఫోక్స్‌వాగన్ మళ్లీ ఈ పాత ఇంజిన్నే పెట్టింది. బెంట్లీ మల్సాన్ మోడల్ ఆగిపోయిన 2020 దాకా అది బతికింది. కాబట్టి అసలు రోల్స్ రాయిస్ ఇంజిన్ కావాలనుకున్నవాడు 2003 తర్వాత బెంట్లీ కొనుక్కోవాలి! ఇటు ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో బీఎండబ్ల్యూ కట్టిన కొత్త ఫ్యాక్టరీలో, రోల్స్ రాయిస్ ఫాంటమ్‌కి బీఎండబ్ల్యూ వీ12 పెట్టారు. అది కూడా సరిగ్గా 6.75 లీటర్లే చేశారు. యాదృచ్ఛికం అని నేననుకోను.

అయితే "పనివాళ్లు లేరు" అన్నచోట ఆగుదాం. గుడ్‌వుడ్‌లో చెక్క, తోలు, కుట్టుపని అక్కడే జరుగుతుంది, మనుషుల చేతులమీదుగా. 2003 ఫాంటమ్ అల్యూమినియం చట్రం దానికోసమే గీసింది, ఏ బీఎండబ్ల్యూ సెడాన్ నుంచీ తెచ్చింది కాదు. తర్వాత వచ్చిన మొదటి ఘోస్ట్‌కి (పాత సిల్వర్ ఘోస్ట్ కాదు, ఈ కాలం మోడల్) మాత్రం బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో చుట్టరికం ఉంది, అది దాచేది కాదు. నా లెక్కలో హిస్పానో బ్రేకులు, సిట్రోయెన్ హైడ్రాలిక్స్ తీసుకున్న కంపెనీ జర్మనీ ఇంజిన్ తీసుకుంటే కులం చెడదు. ఆ ఇంజిన్‌తో ఏం చేశారన్నదే చూడాలి.

గేర్‌బాక్స్_గోపి

గ్రిల్ సంగతి ఎవరూ చెప్పలేదు. క్రూ రోజుల్లో ఆ రేడియేటర్ ముఖాన్ని రేకు కోసి, అతికి, చేత్తో సానపట్టేవారు. చూడ్డానికి గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది గానీ అంచులు నిజానికి కొద్దిగా ఉబ్బుగా ఉంటాయి. పూర్తి తిన్నగా చేస్తే కంటికి లోపలికి వంగినట్టు కనబడుతుందని, గ్రీకు గుడి స్తంభాల కిటుకు వాడారు. ఎంత ఉబ్బు అన్నది పనివాడి కంటి అంచనాయే. చేసినవాడు లోపలివైపు తన పేరు పొడి అక్షరాలు కొట్టేవాడు. ప్రచారం అనండి ఇంకోటి అనండి, ఎవరూ చూడని వైపు పేరు కొట్టుకునే మనిషి ఉన్నంతకాలం ఆ కార్లకి పరువు ఊరికే రాలేదని నేను ఒప్పుకుంటాను.

అంతా_ఉత్తిదే

గ్రిల్ విషయంలో టోపీ తీశాను. మిగతా వాటిలో కాదు. మొన్నీమధ్య 2020 ఘోస్ట్ గురించి, లోపల మరీ చడీచప్పుడు లేక తల తిరుగుతోందని చిన్న శబ్దం మళ్లీ కలిపామని వాళ్లే చెప్పుకున్నారు. జాన్సన్ బతికుంటే శభాష్ అనేవాడు.

సందేహాల_స్వామి

అడిగింది కొంత, దొరికింది బోలెడు. ధన్యవాదాలు. వాళ్ల ఎలక్ట్రిక్ కారు స్పెక్టర్ వచ్చాక ఇంజిన్ గొడవే ఉండదుగా మరి?

గగనతలం

2023లో వచ్చింది. బ్యాటరీ బరువు దాదాపు 700 కిలోలు, అదే చప్పుడు ఆపే పరుపులా పనికొస్తుందని కంపెనీ మాట. రోల్స్ 1900లోనే కరెంటు కార్లకి శబ్దం, వాసన, వణుకు ఉండవని మెచ్చుకుని, ఛార్జింగ్ చేసుకునే చోట్లు వస్తేనే పనికొస్తాయని రాశాడు. ఇప్పటికీ జనం అడిగే మొదటి ప్రశ్న అదే.

కొత్త_స్టీరింగ్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పాత సిల్వర్ షాడో ఒకటి చూస్తున్నాను. బయటికి మెరిసిపోతోంది. ఏం చూసుకోవాలి?

లలిత_మెకానికల్

మెరుపు చూడకండి. వేరే చాసిస్ లేకుండా బాడీయే చట్రంగా ఉన్న వాళ్ల మొదటి కారు అది. కాబట్టి తలుపుల కింద సిల్లులు, చక్రాల పైన వంపులు తుప్పు పట్టాయా అని కిందకి దూరి చూడండి. తర్వాత ఇంజిన్ కాసేపు నడిపి ఆపేసి, తాళం ఆన్‌లో ఉంచి బ్రేకు తొక్కుతూ ఉండండి. ఒత్తిడి నిలవచేసే గోళాలు బాగుంటే చాలాసార్లు తొక్కినా హెచ్చరిక లైటు వెలగదు. నాలుగైదు తొక్కులకే వెలిగిందా, ఖర్చు మొదలైనట్టే. అన్నిటికంటే ముఖ్యం, ఇన్నాళ్లూ అందులో ఏ బ్రేకు ద్రవం పోశారో బిల్లులతో సహా అడగండి. షాడోకి ఆర్ఆర్363 అనే బ్రేకు ద్రవం వాడాలి. 1980లో వచ్చిన సిల్వర్ స్పిరిట్ నుంచి మినరల్ ఆయిల్. ఒకదాంట్లో పోయాల్సింది ఇంకోదాంట్లో పోస్తే సీళ్లన్నీ పాడై హైడ్రాలిక్స్ మొత్తం విప్పాల్సి వస్తుంది. అమ్మేవాడు "ఏదైనా ఒకటే సార్" అన్నాడంటే, నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.